సోంపునీరు – పసిబిడ్డ – హార్మోనులు

అర్ధరాత్రి వేళ పసిబిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండును. కాళ్లు పొట్టలోనికి ముడుచుకొనును, ముఖము కందిపోవును. తల్లికి ఏమిచేయుటకును పాలుపోదు. అంతట ఇంటిలోని అమ్మమ్మ లేచి, చిటికెడు సోంపుగింజలు నీటిలో కాచి, వడగట్టి, గోరువెచ్చగా ఉగ్గుగిన్నెతో పట్టును. కొంతసేపటికి బిడ్డ నిద్రపోవును. ఈ దృశ్యము మన తెలుగు ఇండ్లలో మాత్రమే కనబడునది కాదు. టర్కీలోను, ఇటలీలోను, జర్మనీలోను గూడ తల్లులు పిల్లల కడుపునొప్పికి ఈ గింజలనే తరతరములుగా నమ్ముకొనియున్నారు.

2008వ సంవత్సరమున టర్కీ రాజధానియగు అంకారాలోని గాజీ విశ్వవిద్యాలయమునకు చెందిన శిశు శస్త్రవైద్యులు ఒక వైద్యపత్రికలో చిన్న నివేదిక ప్రకటించిరి. తమ వద్దకు తీసికొని రాబడిన కొందరు చిన్న పిల్లలలో స్తనములు అకాలమున పెరుగ నారంభించెననియు, ఆ పిల్లలకు నెలల తరబడి దినమునకు రెండు మూడు మారులు సోంపు కషాయము పట్టుచుండిరనియు, రక్తములో ఎస్ట్రడయాల్ అను స్త్రీ హార్మోను ఆ వయస్సున ఉండవలసినదానికంటె అనేక రెట్లు అధికముగా కనబడెననియు వారు తెలిపిరి. కషాయము మాన్పించిన కొన్ని నెలలకు ఆ పెరుగుదల తగ్గిపోయినదట.

ఎనిమిదేండ్లలోపు బాలికలలో ఇతర యౌవన చిహ్నములేవియు లేకుండ స్తనములు మాత్రము పెరుగుటను 'అకాల స్తనోదయము' అనవచ్చును. వంటింటి డబ్బాలోని గింజకును, శరీరములోని వినాళ గ్రంథులు స్రవించు హార్మోనునకును సంబంధమెట్లు కలిగినది? అసలు కలిగినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము రెండు వేల ఏండ్ల వెనుకకు పోయి, అచ్చటినుండి మెల్లగా నడచి రావలసియున్నది.

ప్రాచీనుల అనుభవము

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున డయాస్కొరిడిస్ అను గ్రీకు వైద్యుడు ఓషధులను గూర్చి ఒక మహాగ్రంథము రచించెను. సోంపు మొక్కను తినినను, దాని గింజలను యవల కషాయముతో త్రాగినను బాలింతలకు పాలు పెరుగునని ఆయన వ్రాసెను. మన దేశమున శిశువైద్యమునకు ప్రత్యేకముగా వెలసిన ప్రాచీన గ్రంథము కాశ్యపసంహిత. దాని ప్రతి నేపాలులో లభించినది. అందులో శతపుష్పకును, శతావరికిని ఒక అధ్యాయమే కేటాయింపబడినది. స్త్రీల ఋతుదోషములకును, సంతానలేమికిని వీనిని వాడవలెనని అందు చెప్పబడినది. శతపుష్ప యనగా సోయికూర విత్తనమని పలువురి అభిప్రాయము. అది సోంపు కుటుంబమునకు చెందినదే.

గ్రీకు వైద్యునకు గాని, మన ఋషులకు గాని హార్మోను అను మాట తెలియదు. ఐనను ఈ జాతి గింజలకును, స్త్రీల దేహధర్మములకును ఏదో సంబంధమున్నదని అనుభవముచే వారికి తోచినది. అనుభవము ప్రశ్నను మాత్రము ఇచ్చినది. సమాధానమునకు రసాయనశాస్త్రము పుట్టవలసివచ్చినది.

హార్మోనుల యుగము

1902లో ఇంగ్లండులో బేలిస్, స్టార్లింగు అను శాస్త్రజ్ఞులు ప్రేగుగోడలనుండి వెలువడి, రక్తముద్వారా పయనించి క్లోమగ్రంథిని మేలుకొలుపు ఒక పదార్థమును కనుగొనిరి. 1905లో స్టార్లింగు ఇట్టి రసాయన దూతలకు హార్మోనులని పేరుపెట్టెను. ఒక అవయవమున పుట్టి రక్తప్రవాహమున కలిసి, దూరమునందలి మరియొక అవయవమునకు ఆజ్ఞ నందించునది హార్మోను. దాని పరిమాణము అత్యల్పము, ఫలితము అత్యధికము. పాఠకులు ఈ మాటను మరువరాదు. మన కథకంతకు ఇదియే కీలకము.

1923లో అమెరికాలోని సెంట్ లూయీ నగరమున ఎలెన్, డాయిజీ అనువారు అండాశయ హార్మోనును కొలుచుటకొక ఉపాయము కనిపెట్టిరి. అండాశయములను తీసివేసిన చుంచెలుకలకు ఏదేని పదార్థమును సూదిద్వారా ఇచ్చి, వాని జననేంద్రియపు పొరలోని కణములు మారినవా లేదా యని సూక్ష్మదర్శినిలో చూచుట ఆ పద్ధతి. మారినచో ఆ పదార్థమున స్త్రీ హార్మోను గుణము కలదన్నమాట. 1929లో అమెరికాలో డాయిజీయు, జర్మనీలో బ్యూటెనంట్‌యు వేర్వేరుగా ఈస్ట్రోను అను హార్మోనును స్ఫటిక రూపమున వేరుచేసిరి. ఈ గుణముగల పదార్థములకన్నిటికి ఈస్ట్రోజెనులు అని పేరు.

కొలబద్ద చేతికి వచ్చినంతనే శాస్త్రజ్ఞులు దానిని జంతువులతో ఆపలేదు. ఆ దశాబ్దముననే లోవే మున్నగువారు విల్లో చెట్టు పూగుత్తులలో ఈస్ట్రోజెను గుణమును గమనించిరి. జంతువు దేహమున పుట్టు ఆజ్ఞను పోలిన ఆజ్ఞ ఒక చెట్టు పువ్వులో గూడ దొరకుట ఆనాడు ఆశ్చర్యము గొలిపిన సంగతి.

సోంపు నూనె చూపిన త్రోవ

ఇచ్చట మన సోంపు రంగమున ప్రవేశించుచున్నది. సోంపునకు వాసన నిచ్చునది దాని బాష్పశీల తైలము. తీపిరకపు సోంపు తైలమున నూటికి 80 పాళ్లకు పైగా ఎనిథోల్ అను పదార్థముండును. ఎనిథోల్ అణువునుండి మిథైల్ సమూహమును తొలగించినచో ఎనోల్ అను మరియొక పదార్థము వచ్చును. దాని నిర్మాణము చాల సరళము: ఒక బెంజీను వలయము, ఒకవైపు హైడ్రాక్సిల్ సమూహము, మరియొకవైపు మూడు కార్బనుల తోక.

లండనులోని మిడిల్‌సెక్స్ వైద్యశాలకు చెందిన కోర్టాల్డ్ జీవరసాయన సంస్థలో ఛార్లెస్ డాడ్స్ అను ఆచార్యుడు కృత్రిమ ఈస్ట్రోజెనులకై వెదకుచుండెను. హార్మోనుల సంకీర్ణ నిర్మాణము అవసరము లేకయే, సరళమైన అణువులచేత గూడ ఆ పని చేయించవచ్చునని ఆయన విశ్వాసము. 1937లో డాడ్స్, లాసన్ అనువారు 'నేచర్' పత్రికలో ఒక సంచలన వార్త ప్రకటించిరి: ఎనిథోల్‌నుండి తయారుచేసిన ఎనోల్, ఈస్ట్రోనుతో సరితూగు శక్తిని చూపినది!

కాని కథ అంతటితో ముగియలేదు. ఇతర ప్రయోగశాలలవారు ఎనోల్‌ను తయారుచేసి పరీక్షింపగా, ఒకచోట బలమైన ఫలితమును, మరియొకచోట స్వల్ప ఫలితమును వచ్చెను. ఒకే పదార్థము రెండు విధముల ప్రవర్తింపనేల? డాడ్స్ బృందము తన తప్పును తానే వెదకికొనినది. శుద్ధమైన ఎనోల్‌నందు ఆ శక్తి లేదు. తయారీలో దానివెంట పుట్టిన కల్మషమునందు ఉన్నది! ఎనోల్ అణువులు రెండేసి జతపడగా ఏర్పడిన పదార్థములే ఎలుకలలో ఆ మార్పులకు కారణములని తేలినది. ఆ కల్మషమునుండి 1938లో హెక్సెస్ట్రాల్ అను బలమైన ఈస్ట్రోజెనును వేరుచేసిరి. ఆ సంవత్సరముననే డాడ్స్, ఆక్స్‌ఫర్డులోని రాబర్ట్ రాబిన్సన్, మరి ఇద్దరు సహచరులు కలిసి స్టిల్బెస్ట్రాల్ అను కృత్రిమ హార్మోనును లోకమునకు తెలిపిరి. నోటిద్వారా తీసికొనినను పనిచేయుట, చౌకగా తయారగుట దాని విశేషములు.

ఈ ఘట్టమునుండి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: సోంపు తైలములోని ముఖ్యపదార్థము స్వయముగా బలమైన ఈస్ట్రోజెను కాదు. రెండవది: దాని అణువులు జతపడినచో అట్టి గుణము బలముగా రావచ్చును. 1980లో ఆల్బర్ట్-ప్యూలియో అను పరిశోధకుడు సోంపును, దాని బంధువైన ఎనిస్ గింజను గూర్చి సమీక్షించుచు, వాని ప్రాచీన ఖ్యాతికి ఇట్టి జంట అణువులే కారణము కావచ్చునని ఊహించెను. అది ఊహయే గాని నిరూపణ కాదు.

గొఱ్ఱెలు నేర్పిన పాఠము

మొక్కలలోని హార్మోను గుణము ప్రయోగశాల వింత మాత్రమే గాదని లోకమునకు చాటినవి ఆస్ట్రేలియాలోని గొఱ్ఱెలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో భూములను సారవంతము చేయుటకు క్లోవర్ అను పప్పుజాతి పచ్చిమేతను విస్తారముగా పెంచిరి. మేత ఏపుగా పెరిగినది, గొఱ్ఱెలు బలిసినవి. కాని 1940 తరువాత మందలలో వింత వ్యాధి కనబడసాగెను. గొఱ్ఱెలు చూలు కట్టుట తగ్గిపోయెను. కట్టినను ఈనుట కష్టమయ్యెను. పోతుతో కలియని గొఱ్ఱెలకును, ఆఖరకు విత్తుకొట్టిన పొట్టేళ్లకును గూడ పొదుగున పాలు దిగెను. 1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని వర్ణించి, దానికి మూలము ఆ మేతయే యని చూపిరి. తరువాతి పరిశోధనలలో క్లోవర్‌నందలి ఐసోఫ్లేవోనులు అను పదార్థములు ఇందుకు కారణమని తేలినది. వీనిలో ఒకటి గొఱ్ఱె కడుపులోని సూక్ష్మజీవులచే మారి, మరింత బలమైన ఈస్ట్రోజెను అగును.

ఒకటి రెండు పూటల మేత గొఱ్ఱెను చెరుపలేదు. దినదినము, నెలల తరబడి అదియే ఆహారమైనపుడు బలహీనమైన పదార్థము గూడ బలమైన ఫలితము నిచ్చినది. బలహీనతను కాలము పూరించినది.

తల్లి మింగిన మాత

స్టిల్బెస్ట్రాల్ కథకు ఒక విషాదాంతము కలదు. 1940 తరువాత దశాబ్దములలో గర్భస్రావమును నివారించునను నమ్మకముతో అమెరికాలో వైద్యులు గర్భిణులకు దీనిని విరివిగా ఇచ్చిరి. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున డీక్‌మన్ మున్నగువారు జరిపిన పెద్ద పరీక్షలో దీనివలన గర్భస్రావము తగ్గలేదని తేలినది. ఐనను వాడుక ఆగలేదు. 1971లో బోస్టన్ నగరమున హెర్బ్‌స్ట్, ఉల్ఫెల్డర్, పాస్కంజర్ అను వైద్యులు యువతులలో అరుదైన యోని క్యాన్సరు వచ్చిన 8 మందిని పరిశీలించిరి. వారిలో ఏడుగురి తల్లులు గర్భిణులుగా ఉన్నపుడు స్టిల్బెస్ట్రాల్ మింగియుండిరి. పోలికకై తీసికొనిన 32 మంది ఆరోగ్యవతుల తల్లులలో ఒక్కరును మింగలేదు. ఆ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము గర్భిణులకు ఆ మందు తగదని హెచ్చరించినది.

సోంపుకషాయమును స్టిల్బెస్ట్రాల్‌తో సమానముగా ఎంచుట పొరపాటు. రెండింటి బలములకు హస్తిమశకాంతరము కలదు. కాని ఈ విషాదము శిశువైద్యమునకు ఒక సూత్రము నేర్పినది: ఎదుగుచున్న దేహము పెద్దల దేహము వంటిది కాదు. పెద్దవారిలో వచ్చి పోవు హార్మోను ఆజ్ఞ, నిర్మాణము పూర్తికాని దేహములో చెరగని ముద్ర వేయవచ్చును. కావుననే పిల్లలకు సంబంధించినంతవరకు 'కొంచెమే కదా' యను సమాధానము శాస్త్రజ్ఞులకు తృప్తి నొసగదు.

మరల పసిపిల్లల వద్దకు

ఇప్పుడు అంకారా నివేదికను మరల పరిశీలింతము. పిల్లలు కషాయము త్రాగిరి, స్తనములు పెరిగెను, కషాయము మానిరి, పెరుగుదల తగ్గెను. అందువలన కషాయమే కారణమని తీర్మానింపవచ్చునా?

తొందరపడరాదు. పుట్టిన బిడ్డలలో, ఆడవారిలోనేగాక మగవారిలో గూడ, తల్లి హార్మోనుల ప్రభావమున కొన్ని దినములు స్తనములు ఉబ్బియుండుట సాధారణము. అటుపిమ్మట తొలి నెలలలో శిశువు గ్రంథులే కొంతకాలము మేల్కొని హార్మోనులను స్రవించును. ఆడపిల్లలలో ఈ స్థితి మరికొంత దీర్ఘముగా ఉండవచ్చును. ఈ వయస్సున కనబడు అకాల స్తనోదయము పెక్కుమందిలో ఏ మందును మాన్పకుండనే దానంతట అది తగ్గును. కషాయము మానిన తరువాత తగ్గినంతమాత్రమున, మానుటవలననే తగ్గినదనుట తర్కమునకు నిలువదు. పైగా పసిపిల్లల రక్తములోని ఎస్ట్రడయాల్ అతిస్వల్పము. సాధారణ పరీక్షా పద్ధతులు అంత తక్కువ పరిమాణములను సరిగా కొలువలేవు. నివేదికలోని పిల్లల సంఖ్య గూడ చాల చిన్నది. 2014లో టర్కీనుండియే మరియొక నివేదిక వెలువడినది. దాని శీర్షిక చివర ప్రశ్నార్థకము ఉండుట గమనింపదగినది.

మరి సోంపును నిర్దోషియని విడిచిపెట్టవచ్చునా? అదియు తొందరపాటే. ప్రాచీనుల అనుభవము, డాడ్స్ ప్రయోగములు, గొఱ్ఱెల వ్యాధి, ఈ నివేదికలు – అన్నియు ఒకే దిక్కునకు వేలు చూపుచున్నవి. వేలు చూపుట నేరనిరూపణ కాదు. కాని విచారణకు అది చాలిన కారణము.

ఇట్టి విచారణయే లావెండర్ తైలమును గూర్చియు జరిగినది. 2007లో అమెరికాలో హెన్లీ మున్నగువారు, లావెండర్ కలిసిన సబ్బులు, లేపనములు వాడిన ముగ్గురు చిన్న బాలురలో స్తనములు పెరిగి, వాడుక మానిన తరువాత తగ్గిన సంగతిని ప్రకటించిరి. ఆ తైలము మానవ కణములపై ఈస్ట్రోజెను వలె పనిచేయుటను ప్రయోగశాలలో గూడ చూపిరి. తరువాత ఎక్కువమంది పిల్లలను పోల్చిచూచిన పరిశీలనలో అట్టి సంబంధము కనబడలేదు. గాజుపాత్రలోని కణము చెప్పినదంతయు బిడ్డ దేహమున జరుగునని లేదు.

మూలిక పేరున దాగిన హార్మోను

ఇంకొక ప్రమాదము కలదు. అందులో సందేహమునకు తావులేదు. 1999లో లండనులోని వైద్యులు, గజ్జివంటి చర్మవ్యాధులకు రోగులు వాడుచున్న 11 చైనా మూలికా లేపనములను పరీక్షింపగా, 8 లేపనములలో డెక్సామెథసోన్ బయటపడినది. అది అధివృక్క గ్రంథుల హార్మోనును పోలిన కృత్రిమ ఔషధము. వైద్యుని సలహా లేనిదే వాడరానిది. ఆ లేపనముల గుణమునకు మూలిక కాదు, దాచిపెట్టబడిన ఆ మందే కారణము. పసిబిడ్డ చర్మము పలుచన. బరువుతో పోల్చినచో చర్మవైశాల్యము ఎక్కువ. కాబట్టి ఇట్టి లేపనము రక్తములోనికి చేరి, బిడ్డ స్వంత గ్రంథుల పనిని కుంటుపరచి, ఎదుగుదలను తగ్గించగలదు. 'మూలికయే కదా' యను మాట ఇచ్చట రక్షణ కాదు, తెర.

మోతాదు లెక్క

ఇక విద్యార్థులు సులభముగా చేయగల ఒక లెక్క. 60 కిలోగ్రాముల బరువుగల పెద్దమనిషి ఒక చిన్న గిన్నెడు సోంపుకషాయము త్రాగెననుకొందము. అంతే కషాయము 5 కిలోగ్రాముల బిడ్డకు పట్టినచో, కిలోగ్రాము బరువుకు బిడ్డ పొందునది పెద్దమనిషి పొందినదానికి 12 రెట్లు. బాష్పశీల తైలము నీటిలో అంతగా కరగదు గనుక కషాయములో చేరునది కొంచెమే, నిజమే. కాని గింజల రకము, వయస్సు, కాచిన సమయము, మూతపెట్టుట, పెట్టకపోవుట – వీనిని బట్టి ఆ కొంచెము ఇంటింటికి మారును. సోంపుతైలమును చుక్కలుగా పట్టుట వేరు, పలుచని కషాయము పట్టుట వేరు. అలవాటు చొప్పున నెలల తరబడి దినమునకు ముమ్మారు పట్టుట మరియు వేరు.

కడుపునొప్పికి సోంపు పనిచేయదని చెప్పుట గూడ న్యాయము కాదు. 1993లో ఇజ్రాయెలులో, సోంపు మున్నగు మూలికలు కలిపిన కషాయముతో జరిపిన పరీక్షలో నూటికి 57 మంది పిల్లలకు బాధ నివారణమైనది. మూలికలు లేని పానీయమిచ్చినవారిలో 26 మందికి మాత్రమే. 2003లో రష్యాలో సోంపుతైలము కలిపిన పానీయముతో జరిపిన పరీక్షలో ఈ సంఖ్యలు 65, 24. కాని ఇవి కొద్దిదినముల పరీక్షలు. నెలల తరబడి వాడినచో హార్మోనుల సంగతి ఏమగునను ప్రశ్నను అవి స్పృశింపలేదు. ఐరోపా ఔషధ సంస్థ, తగిన ఆధారములు లేనందున 4 సంవత్సరములలోపు పిల్లలకు సోంపు ఔషధములను సిఫారసు చేయజాలమని తన తొలి పత్రములలో పేర్కొన్నది. సోంపులో కొద్దిగా నుండు ఎస్ట్రగోల్ అను పదార్థము, అధిక మోతాదులలో ఎలుకలకు క్యాన్సరు కలిగించుట గూడ ఈ జాగ్రత్తకు కారణము.

మనము గ్రహింపవలసినది

పసిపిల్లల యేడుపును గూర్చి 1954లో వెస్సెల్ అను అమెరికా వైద్యుడు ఒక కొలత చెప్పెను: దినమునకు 3 గంటలకు పైగా, వారమున 3 దినములకు పైగా, 3 వారములకు పైగా ఆరోగ్యవంతుడైన బిడ్డ ఏడ్చినచో అది శిశుశూల. ఇది పుట్టిన రెండు మూడు వారములకు మొదలై, ఆరవ వారమునకు హెచ్చి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గును. మనము ఏమి పట్టినను, పట్టకున్నను తగ్గును. అందుచేతనే ఈ యేడుపునకు ప్రపంచమున ఇన్ని మందులు పుట్టినవి. ప్రతిదానికిని మంచిపేరు వచ్చినది. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీరు గూడ అవసరము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. బిడ్డకు జ్వరము, వాంతులు, పాలు త్రాగకపోవుట వంటివి ఉన్నచో ఏ కషాయమునకై కాచుకొనియుండక వైద్యునకు చూపవలెను. ఏ మూలికనైనను వాడుచున్నచో, ఆ సంగతి వైద్యునకు దాచక చెప్పవలెను. అంకారా వైద్యులకు సైతము తల్లులు నోరు విప్పి చెప్పుటచేతనే ఆ ప్రశ్న తట్టినది.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పునపుడు అమ్మమ్మలను అపహసింపరాదు. ఆమె చూచినది నిజమే: కషాయము పట్టెను, బిడ్డ నిద్రించెను. అంకారా వైద్యులు చూచినదియు నిజమే: కషాయము మాన్పిరి, వాపు తగ్గెను. రెండుచోట్లను ఒకే ప్రశ్న మిగిలియున్నది – 'దాని తరువాత' జరిగినది 'దానివలన' జరిగినదా? డాడ్స్ తన గాజుగొట్టములోని ఎనోల్‌ను ఇట్లే సందేహించెను గనుకనే కల్మషములోని సత్యము బయటపడినది. స్టిల్బెస్ట్రాల్‌ను 1953లోనే ఇట్లు సందేహించి మానియుండినచో, ఎందరో ఆడపిల్లలు బ్రతుకున అంత బాధ పడకయుందురు.

సోంపు భోజనానంతరము నమలదగిన మంచి గింజయే. పెద్దలు దానిని మానవలసిన పనిలేదు. కాని మాటలు రాని బిడ్డ తనకేమగుచున్నదో చెప్పజాలదు. దాని తరఫున ప్రశ్నింపవలసినవారము మనమే.